స్నేహమా? ప్రేమా? - ‘మీనా’ గురించి మూడు ఊళ్ల మాట

మా అమ్మ ట్రంకుపెట్టెకు ఏనాడూ తాళం ఉండేది కాదు. అయినా నలభై అయిదేళ్లు వచ్చేదాకా దాన్ని తెరిచి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. పోయిన ఎండాకాలం జనగామలోని మా ఇంటికి సున్నం వేయిస్తూ సామానంతా వాకిట్లో పెట్టించాం. పెట్టె మూత ఊడివచ్చింది. రెండు పట్టుచీరల అడుగున, పాత పంచాంగం పక్కన, అట్ట చిరిగిన నవల ఒకటి కనిపించింది. యద్దనపూడి సులోచనారాణి గారి ‘మీనా’.

పుస్తకం అక్కడ ఉండటం వింత కాదు. ఆ రోజుల్లో ‘మీనా’ లేని ఇల్లు ఏది గనుక? వింత ఏమిటంటే, అది ఒకప్పుడు అద్దె పుస్తకాల కొట్టుది. కొట్టు మూతపడ్డప్పుడు పుస్తకాలు అగ్గువకు అమ్మేస్తుంటే అమ్మ కొనుక్కున్నదట. అద్దెకు తీసుకున్న వాళ్లంతా పేజీల అంచుల్లో పెన్సిలుతో తమ తమ అభిప్రాయాలు రాసిపెట్టారు. ఒకచోట ఒక చేతిరాత, “ఇది స్నేహమే, ప్రేమ కాదు” అంటుంది. దాని కింద మరో చేతిరాత, “నీకెట్ల తెలుసు?” అని నిలదీస్తుంది. మూడో మహానుభావుడెవరో, లేక మహానుభావురాలో, ఎర్ర పెన్సిలుతో, “తొందరపడకండి, ఇంకో నలభై పేజీలు ఆగండి” అని ఇద్దరికీ సర్దిచెప్పారు.

నేను తెలుగులో ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్లుగా కాలేజీలో పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి. ప్రబంధ నాయికల మీద గంటసేపు మాట్లాడగలను. కాని సీరియల్ నవల పేరెత్తితే, “అవి వంటింటి పుస్తకాలు లెండి” అని నవ్వేసేవాణ్ణి. ఆ రోజు వాకిట్లో కూర్చుని అంచుల రాతలన్నీ చదివేసరికి పొద్దు వాలింది. మా విశ్వవిద్యాలయపు సెమినారులో కూడా ఇంత నిజాయితీ గల విమర్శ నేను వినలేదు. సరే, ఈ నవలను గురించి మన ఊళ్ల పాఠకులు ఇప్పుడేమంటారో అడిగి చూద్దామని బయలుదేరాను. జనగామ, మానుకోట, భూపాలపల్లి. ఒకప్పుడు మూడూ ఒకే వరంగల్లు జిల్లా. 2016 అక్టోబరు 11 నుంచి మూడూ మూడు జిల్లాల ముఖ్య పట్టణాలు. మానుకోటను కాగితాల మీద మహబూబాబాద్ అంటారు, నోటిమీద మాత్రం మానుకోటే.

కథ తెలియని వారి కోసం

చదవనివారు తక్కువే గాని, నాలుగు మాటలు చెప్పాలి గదా. మీనా కలవారి బిడ్డ. తల్లి మాటే ఇంట్లో వేదం. తండ్రి మెత్తని మనిషి. బిడ్డ ఎవరిని పెళ్లాడాలో, ఎట్లా నవ్వాలో కూడా తల్లే నిర్ణయిస్తుంది. అట్లాంటి పిల్ల పల్లెటూళ్లో ఉన్న బంధువుల ఇంటికి చేరుతుంది. అక్కడ కృష్ణ ఉంటాడు. వరుసకు బావ. వచ్చింది పట్నపు పిల్ల, ఎదురైంది పల్లెటూరి యువకుడు. మాటా మాటా కలుస్తుంది. పరిహాసం పరిచయమవుతుంది, పరిచయం స్నేహమవుతుంది. ఆ స్నేహం ఎప్పుడు రంగు మారిందో వాళ్లకే తెలియదు. పాఠకులకు మాత్రం ముందే తెలిసిపోతుంది. ఇటువంటి కథలోని మజా అంతా అక్కడే ఉంది.

రచయిత్రిది కృష్ణాజిల్లా కాజ గ్రామం. ‘సెక్రటరీ’, ‘జీవన తరంగాలు’ వంటి నవలలతో తెలుగు ఇళ్లలో ఆమె పేరు మారుమోగింది. 2018 మే నెలలో అమెరికాలో కన్నుమూసింది. ‘మీనా’ 1973లో సినిమాగా వచ్చింది. తెలుగులో విజయనిర్మల దర్శకత్వం వహించిన మొదటి చిత్రం అదే. ఒక స్త్రీ రాసిన కథను మరొక స్త్రీ తెరకెక్కించడం ఆనాటికి చిన్న సంగతి కాదు. 2016లో ‘అ ఆ’ చిత్రం వచ్చినప్పుడు, దానికీ మన మీనాకూ ఉన్న పోలికల గురించి పాఠకులు ఇంటింటా మాట్లాడుకున్నారు. నవల చదవని పిల్లలు కూడా ఆ చర్చతో అమ్మమ్మల పెట్టెలు వెతకడం మొదలుపెట్టారు.

స్నేహితులు ప్రేమికులు కావడమన్నది మనవాళ్లు కొత్తగా కనిపెట్టినదీ కాదు, పడమటివాళ్ల సొత్తూ కాదు. శరత్‌బాబు ‘దేవదాసు’ 1917లో అచ్చయింది. అందులో దేవదాసు, పార్వతి ఒకే ఊళ్లో కలిసి ఆడుకుని పెరిగినవాళ్లే. ఆ స్నేహం పెద్దల పంతం దగ్గర ఆగిపోయింది. 1953లో వచ్చిన మన తెలుగు చిత్రం చూసి ఏడవని ఇల్లాలు లేదు. ఇంగ్లీషులో జేన్ ఆస్టిన్ 1815 చివర వెలువరించిన ‘ఎమ్మా’ కూడా ఇటువంటిదే. చిన్న ఊరు, అందులో నాలుగైదు కుటుంబాలు. నైట్లీ అనే ఇంటి స్నేహితుడు ఎమ్మా తప్పుచేస్తే మొహమాటం లేకుండా మందలిస్తాడు. చివరకు, తనకు కావలసినవాడు అతడేనని ఆమెకు తెలిసివస్తుంది. ఊరు చిన్నదైతే మనిషిని మనిషి రోజూ చూస్తాడు. ముఖానికి పూసుకున్న రంగు ఎంతోకాలం నిలవదు. ఇటువంటి కథలకు పెద్ద పట్నంకన్నా చిన్న ఊరే అనువైన చోటు కావడానికి కారణం అదే కాబోలు.

జనగామ: “మాట్లాడే మగవాడు”

పోతన పుట్టినదని చెప్పుకునే బమ్మెర, సోమనాథుని పాలకుర్తి ఉన్న జిల్లా ఇది. ఇత్తడి పనికి పేరుమోసిన పెంబర్తి ఊరి పక్కనే. అక్షరానికీ చేతిపనికీ కొదవలేని చోటు. మా వీధిలో పదవీ విరమణ చేసిన పంతులమ్మ గారొకరు ఉన్నారు. నాకు చిన్నప్పుడు ఎక్కాలు నేర్పిన చెయ్యి అది. ఇప్పటికీ ఎదురుపడితే నేను నిలబడే మాట్లాడతాను.

“టీచరమ్మా, మీనా మీకెందుకు నచ్చింది?” అని అడిగాను.

“కృష్ణ అందగాడని అనుకుంటున్నవా?” అని ఆమె నవ్వింది. “కాదు బిడ్డా. అతను మాట్లాడుతడు. అదీ సంగతి. నా పెళ్లయిన మొదటి అయిదేండ్లు మా ఆయన నాతోని మాట్లాడింది లెక్కపెడితే ఒక నోటుబుక్కు నిండదు. ‘అన్నమైందా’, ‘చిల్లర ఉన్నదా’. చెడ్డ మనిషి కాదు, బంగారమసుంటి మనిషి. మాట్లాడాల్నని ఆయనకు ఎవరూ చెప్పలే, అంతే. మీనా చదువుతుంటే, మగవాడు ఆడదానితోని ఇట్ల కొట్లాడుకుంట నవ్వుకుంట మాట్లాడొచ్చా అని ఆశ్చర్యమైంది.”

ఆ మాట నాకు గుచ్చుకున్నది. ఈ నవలల్లోని కలవారి మేడలు, కార్లు చూసి ఆడవాళ్లు కలల్లో తేలిపోతున్నారని మా విమర్శకులు ఎన్నోసార్లు రాశారు. నేనూ క్లాసులో అదే పలికాను. ఈ పంతులమ్మ గారు మేడ మాట ఎత్తనే లేదు. ఆమె కోరుకున్నది నాలుగు మాటలు.

ఆమె కోడలు బ్యాంకు ఉద్యోగి. అత్తగారి మాటకు అడ్డం వచ్చింది. “అత్తయ్యా, మీరు ఎన్నయినా చెప్పండి, మీనా చివరకు ఒక ఇంటినుంచి మరొక ఇంటికి వెళ్లింది, అంతేగా? తన కాళ్లమీద తాను నిలబడ్డదెక్కడ?” అన్నది. అత్తగారు తడుముకోలేదు. “తల్లికి ఎదురుచెప్పి నిలబడ్డది గదనే! మా రోజులల్ల అది ఉద్యోగంకన్న పెద్దది” అన్నది. ఆ ఇద్దరి మధ్యా తీర్పు చెప్పే ధైర్యం నాకు లేక, చాయ తాగి లేచాను.

మానుకోట: “ఆ ఊరు మాది కాదు సార్”

కాజీపేట నుంచి విజయవాడకు పోయే రైలుమార్గంలో మానుకోట ఉంది. మిరపకాయల కాలంలో మార్కెట్టు దారిన వెళితే ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకోవలసిందే. ఇక్కడ నాకు తెలిసిన చదువరుల కూటమి ఒకటుంది. కూటమి అంటే సభా, అధ్యక్షుడూ ఏమీ ఉండరు. నాలుగిళ్ల ఆడవాళ్లు ఆదివారం మధ్యాహ్నం ఒకచోట చేరి పుస్తకాలు మార్చుకుంటారు.

వారిలో ఒకామె మిర్చి వ్యాపారి భార్య. “నవల బాగున్నది సార్, రెండుసార్లు చదివిన. కని ఆ ఊరు మాది కాదు” అన్నది. “ఆళ్లింట్ల మాటలు వేరే. ‘మావయ్యా, ఏవండీ’ అంటరు. మా ఇంట్ల ‘మామా, ఏమయ్యా’ అంటం. నేను చదువుకునే రోజులల్ల ఆ నవలల భాషే మంచి భాష అనుకుని, అద్దం ముందల నిలబడి అట్ల మాట్లాడ నేర్చుకున్న. మా అవ్వ చూసి, ‘దీనికేదో సోకింది’ అన్నది.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. తెలంగాణలో ఒక తరం ఆడపిల్లలు ఈ నవలల ద్వారా ప్రేమను చదువుకున్నారు నిజమే. దానితోపాటే, ప్రేమ మాట్లాడే భాష తమ ఇంటి భాష కాదని కూడా చదువుకున్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన గడ్డ ఇది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే వెలిసింది. చదివే ఆకలి మనకు ఎప్పుడూ ఉంది. ఆ ఆకలికి వడ్డించిన ప్రేమకథల్లో మన వాకిలి, మన మాట తక్కువ. ఇది యద్దనపూడి గారి తప్పు కాదు. ఆమె తనకు తెలిసిన ఊరును తనకు తెలిసిన మాటలో రాసింది. మన ఊరి సంగతి మనవాళ్లు గదా రాయవలసింది!

పక్కనే బీఈడీ చదువుతున్న లంబాడీ అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. అప్పటిదాకా నోరు విప్పలేదు. “మీకు రెండే భాషలు సార్. మాకు మూడు. తండాలో ఒకటి, బడిలో ఒకటి, నవలలో ఇంకొకటి. అయినా మీనా వాళ్లమ్మ మాత్రం మా తండాలో కూడా ఉంది” అన్నది. ఈసారి నేనూ నవ్వాను. పెత్తనం చేసే తల్లికి భాష అడ్డం రాదన్నమాట!

ఆ కూటమిలో నర్సు ఉద్యోగం చేసే ఆవిడ వేరే మాట ఎత్తింది. “కథ సంగతి సరే, రక్తసంబంధం సంగతేంది? సొంత మేనత్త మేనమామల పిల్లలను చేసుకుంటే పుట్టే బిడ్డలకు జబ్బుల భయం మిగతావాళ్లకన్నా ఎక్కువ. వార్డులో మేం చూస్తున్నం” అన్నది. ఆమె చెప్పింది సత్యం. అటువంటి దంపతుల్లో ఎనిమిదింట ఒక వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. ఒకే లోపం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం అందువల్ల పెరుగుతుంది. బిడ్డలందరికీ జబ్బు వస్తుందని కాదు, చాలామంది ఆరోగ్యంగానే పుడతారు. అయినా పెళ్లికి ముందు డాక్టరు సలహా తీసుకోవడం మంచిది. నవలలో బావను చూసి మురిసిపోయే మన ఇళ్లలో ఈ మాట కూడా వినబడాలని ఇక్కడ రాస్తున్నాను.

భూపాలపల్లి: “వరుస కలవకపోతే?”

భూపాలపల్లికి రైలు లేదు. వరంగల్లు నుంచి బస్సులో పోవాలి. సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరు దగ్గర కాకతీయ విద్యుత్కేంద్రం, ఇంకొంచెం ముందుకు పోతే గణపురంలో కాకతీయుల కోటగుళ్లు. గనుల పని ఊరినిండా మనుషుల్ని తెచ్చింది. క్వార్టర్లలో ఒక గోడకు అటు ఒక జిల్లావారు, ఇటు మరొక జిల్లావారు. పక్కింటి పిల్లలు చిన్నప్పటినుంచీ కలిసి బడికి పోతారు. స్నేహం ఎంత సహజంగా పుడుతుందో చూడాలంటే ఈ క్వార్టర్ల వీధికి రావాలి.

నాకు ఆతిథ్యమిచ్చినాయన గనిలో దిగి పనిచేసే మనిషి. ఆయన ‘మీనా’ చదివాడని తెలిసి నాకు ఆశ్చర్యమైంది. “మా ఇంటామె చదివి కండ్ల నీళ్లు పెట్టుకుంటుంటే, ఏముందో అని చదివిన సార్. నాకు నచ్చింది ఒకటే. ఆ పిల్ల డబ్బున్న సంబంధాన్ని కాదని పనిచేసే మనిషిని మెచ్చింది. చేతులకు మట్టో బొగ్గో అంటినోని ఇల్లు కూడా ఇల్లే అని రాసింది ఆమె” అన్నాడు.

ఆయన కూతురు డిగ్రీ చదువుతోంది. మంచినీళ్ల గ్లాసు నా ముందు పెట్టి, లోపలికి పోబోయి ఆగింది.

“సార్, ఒకటి అడగనా? వాళ్లిద్దరూ స్నేహితులు ఎట్లా కాగలిగారు? బావ అని కదా! బావ కాబట్టి పరాచికాలాడినా ఎవరూ ఏమీ అనలేదు. ఒకే చోట కూర్చుని మాట్లాడుకున్నా అత్తయ్య చూసి నవ్వి ఊరుకుంటుంది. అదే వరుస కలవని అబ్బాయి అయితే? కులం వేరైతే? అప్పుడది నవల అయ్యేదా, పంచాయితీ అయ్యేదా?”

తండ్రి గనిలో ఎంత ధైర్యస్థుడో నాకు తెలియదు గాని, ఆ క్షణాన తల వంచుకున్నాడు. నేను మాత్రం తల ఎత్తానా? ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఆ పిల్లకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో పాఠకులకు దాచకుండా చెప్పాలి.

చాలా ఏళ్ల కిందటి మాట. నా క్లాసులో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి చెట్టు కింద కూర్చుని నోట్సు రాసుకునేవారు. ఇద్దరూ చదువులో ముందుండేవాళ్లు. ఏదన్నా కాకముందే హెచ్చరించడం గురువు ధర్మమనుకుని, ఆ అమ్మాయి తండ్రికి నేనే కబురు పంపించాను. వారం తిరక్కుండా పిల్ల కాలేజీ మానింది. మూడు నెలలకు పెళ్లయింది. నేను కూడా మంచిపనే చేశాననుకున్నాను. కొంతకాలానికి ఆ అబ్బాయి వచ్చి, “సార్, ఆమె మధ్యలో ఆపేసిన పాఠాల నోట్సు ఇది. ఎట్లాగైనా ఆమెకు అందించండి, ప్రైవేటుగా పరీక్ష రాసుకుంటది” అని ఒక కట్ట నా బల్లమీద పెట్టి పోయాడు. ఆ కట్టలో ప్రేమలేఖ ఉందేమోనని ప్రతి కాగితం తిప్పి చూశాను. ఛందస్సు, అలంకారాలు తప్ప ఒక్క అక్షరం అదనంగా లేదు. వాళ్లది స్నేహమో, ప్రేమో, ఏదైనా కాబోయేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే వ్యవధి వాళ్లకే నేను ఇవ్వలేదు.

ఎర్ర పెన్సిలు మహానుభావుడు నాకంటే తెలివైనవాడు. “తొందరపడకండి, ఇంకో నలభై పేజీలు ఆగండి” అన్నాడు.

ఆ భూపాలపల్లి అమ్మాయికి ఈ కథే చెప్పాను. విని, “అయితే సార్, ఆ నవలలో అన్నిటికంటే గొప్ప సంగతి పెళ్లి కాదు. వాళ్లను కొన్నాళ్లు ఎవరూ అడ్డుకోకపోవడం” అన్నది. ఎం.ఏ. క్లాసులో ఈ వాక్యం ఎవరైనా రాసి ఉంటే నూటికి నూరు మార్కులు వేసేవాణ్ణి.

లెక్క తేలిందా?

మూడు ఊళ్లు తిరిగి నేను మూటగట్టుకున్నది ఇది. జనగామ పంతులమ్మ గారికి ఆ నవల మాట్లాడే మగవాణ్ణి చూపించింది. ఆమె కోడలికి అది సగం దూరమే నడిచిన కథ. మానుకోట ఇల్లాలికి అది అందమైన పరాయి ఊరు. గని కార్మికుడికి పనిచేసే చేతులకు దక్కిన మర్యాద. డిగ్రీ పిల్లకు, వరుస పేరుతో కొందరికే దొరికిన స్వేచ్ఛ. ఇందులో ఏదీ తప్పు కాదు. ఒక నవలను ఇంతమంది ఇన్ని విధాలుగా చదివి, ఇంతకాలం తరవాత కూడా దానితో పోట్లాడుతున్నారంటే, దాన్ని ‘వంటింటి పుస్తకం’ అని తోసివేయడానికి నాబోటి వాళ్లం ఎవరం? వంటిల్లు లేనిదే పండితుడికి మాత్రం పూట గడుస్తుందా?

నా సొంత అభిప్రాయం కూడా అడుగుతారు గనుక చెబుతాను. ‘మీనా’లో యాదృచ్ఛికాలు లేకపోలేదు. మంచివాళ్లు మరీ మంచివాళ్లు. అయినా, ఒకరినొకరు గౌరవించుకున్న తరవాతనే ప్రేమించుకోవాలన్న మాటను ఉపన్యాసం లేకుండా చెప్పిన నవల అది. చూపులు కలవగానే ప్రేమ పుట్టే సినిమా కథలకంటే ఈ దారి దూరం. కాని కాపురం చేయవలసినవాళ్లకు ఈ దారే నయం.

జనగామ తిరిగివచ్చాక పుస్తకాన్ని మళ్లీ పెట్టెలో పెడుతూ చివరి పేజీ చూశాను. అంచున పెన్సిలు రాత ఒకటి ఉంది. అది మా అమ్మ దస్తూరీ. పాల లెక్క రాసే క్యాలెండరు మీద చిన్నప్పటినుంచీ చూసిన అక్షరాలే. “ఇట్ల మాట్లాడుకునే మనిషి ఒకరుంటే చాలు” అని రాసుకుంది.

అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. “అమ్మా, ఈ పుస్తకంలో నీకు ఎవరు నచ్చిన్రు?” అని అడిగాను.

అమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. “ఇన్నేండ్లకు అడిగినవు. ఊర్కె అడుగుడేంది? నాలుగు గింజలు తియ్యి, చెప్త” అన్నది.

పొద్దుగూకేదాకా చెప్పింది. ఆ మాటలు ఈ వ్యాసంలో రాయను. మీ ఇంట్లోనూ పెట్టె అడుగున ఏదో ఒక నవల ఉండే ఉంటుంది. వెళ్లి అడగండి.